కొత్త ఓడలో అందరూ కొత్తవాళ్లేనా?



పోయిన దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు, మా ఊరిలో నాకు వరసకి అన్నయ్య అయ్యే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ అయ్యాక హోటల్ పని కోర్సు చదివాడు. "ఓడలో ఉద్యోగం వచ్చిందమ్మా" అన్నాడు. మన మద్దిలపాలెంలోనే ఒక గదిలో ఒక ఏజెంటు ఉన్నాడంట. "కొత్త ఓడ తయారవుతోంది. కొత్త ఓడకి అందరూ కొత్తవాళ్లే కావాలి. అనుభవం అక్కర్లేదు, లక్ష రూపాయలు కడితే చాలు" అన్నాడంట. అన్నయ్య అప్పటికే పదిహేను వేలు కట్టేశాడు. మిగతా డబ్బుకి వాళ్లమ్మ కాఫీ పంట మీద అప్పు కోసం తిరుగుతోంది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకని అందరూ నన్నే అడిగారు, "ఇది నిజమేనా, ఏటి?" అని. నాకు తెలియలేదు. చాలా సిగ్గు వేసింది. హాస్టలుకి వచ్చాక సోషల్ సార్‌ని అడిగి, కంప్యూటర్ రూములో చూసి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

విహార నౌక అనగా ఏమిటి?

మన విశాఖపట్నానికి ఓడలు కొత్త కాదు. 1948వ సంవత్సరం మార్చి 14న నెహ్రూ గారు ఇక్కడే 'జల ఉష' అనే ఓడని నీటిలోకి దింపారు. అది సరుకుల ఓడ. విహార నౌక మాత్రం మనుషులు సరదాగా తిరగడానికి ఉన్న ఓడ. అది నీటి మీద తేలే పెద్ద హోటల్ లాంటిది. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే విహార నౌక మన రేవుకి వచ్చి, ఇక్కడ నుండి పుదుచ్చేరి, చెన్నై వెళ్లింది. అటువంటి ఓడల కోసమే కట్టిన టెర్మినల్‌ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు.

ఇటువంటి ఓడలో పనివాళ్లు మూడు రకాలు. ఓడని నడిపేవాళ్లు, ఇంజను చూసేవాళ్లు, హోటల్ పనివాళ్లు. అందరికన్నా ఎక్కువ మంది హోటల్ పనివాళ్లే. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, గదులు తుడిచేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు అందరూ ఇందులోకే వస్తారు. 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే చాలా పెద్ద ఓడలో గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది ప్రయాణికులు పడతారు. పనివాళ్లు 2,350 మంది. లెక్క వేసి చూడండి, ఇద్దరు ముగ్గురు ప్రయాణికులకి ఒక పనిమనిషి!

కొత్త ఓడకి మనుషులు ఎలా వస్తారు?

ఇదే నేను వెతికిన ప్రశ్న. జవాబు ఏమిటంటే, కొత్త ఓడలో అందరూ కొత్తవాళ్లు ఉండరు.

ఓడ ఇంకా తయారవుతూ ఉండగానే కెప్టెను, ఇంజనీర్లు, హోటల్ పెద్ద వంటి ముఖ్యమైనవాళ్లు ఓడలు కట్టే చోటికి వెళ్లిపోతారు. ఏ పైపు ఎక్కడికి పోతుంది, వంటగది నుండి భోజనశాలకి ఎంత దూరం అని అప్పుడే నేర్చుకుంటారు. తర్వాత కంపెనీ తన పాత ఓడల నుండి బాగా పని తెలిసినవాళ్లని తీసి కొత్త ఓడకి పంపుతుంది. వాళ్లతో కొంతమంది కొత్తవాళ్లని కలుపుతుంది.

మరి పాత ఓడలో ఖాళీ ఎలా? మంచివాళ్లందరినీ లాగేస్తే పాత ఓడలో పని చెడిపోతుంది కదా. అందుకని ఒక్కొక్క ఓడ నుండి కొద్దిమందినే తీస్తారు. వాళ్ల చోటులోకి కింది పనివాళ్లని పెంచుతారు. వాళ్ల కింద కొత్తవాళ్లని చేర్చుకుంటారు. నిచ్చెన మీద అందరూ ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టు అన్నమాట. కొత్తవాడు ఎక్కడ చేరినా పక్కన ఒక పాతవాడు ఉంటాడు.

అందరూ చేరినా వెంటనే ప్రయాణికులని ఎక్కించరు. ఐకాన్ ఓడ 2023 నవంబరు 27న కంపెనీ చేతికి వచ్చింది. ప్రయాణికులతో మొదటిసారి బయలుదేరింది 2024 జనవరి 27న. అంటే రెండు నెలలు. కొత్త ఓడలకి ఇటువంటి రోజుల్లోనే సాధన జరుగుతుంది. సగంమంది పనివాళ్లు అతిథుల్లాగ కూర్చుంటే మిగతా సగంమంది వడ్డిస్తారు. తర్వాత కంపెనీ వాళ్లనీ, పిలిచిన అతిథులనీ ఎక్కించి చిన్న ప్రయాణం చేస్తారు. అక్కడ తప్పులు బయటపడితే దిద్దుకుంటారు.

ప్రాణరక్షణ సాధన అయితే అంతర్జాతీయ చట్టమే. కొత్త ఓడ మొదటిసారి బయలుదేరేముందు ఈ సాధన చేసి తీరాలి. ఏ ఓడలోనైనా నూటికి 25 మంది కంటే ఎక్కువ పనివాళ్లు అంతకు ముందు నెలలో ఆ ఓడ మీద సాధన చేసి ఉండకపోతే, రేవు విడిచిన 24 గంటల లోపల చేయాలి. గిన్నెలు కడిగేవాడైనా సరే ఇది తెలియాలి. ఎందుకంటే ప్రమాదం వచ్చినప్పుడు ప్రయాణికులకి దారి చూపేది వీళ్లే. 2012 జనవరిలో ఇటలీ దగ్గర 'కోస్టా కాంకోర్డియా' ఓడ రాయికి కొట్టుకుని 32 మంది చనిపోయారు. అప్పటికి కొత్తగా ఎక్కిన ప్రయాణికులకి ఇంకా సాధన చేయించలేదు.

సేవ చెడిపోకుండా ఏం చేస్తారు?

మొదటిది శుభ్రత. ఓడలో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వందల మందికి అంటుకుంటుంది. అమెరికా రేవులకి వెళ్లే ఓడలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి, నూటికి మార్కులు వేస్తారు. 85 వచ్చినా ఫెయిలే! మనకి 35 వస్తే పాస్.

రెండవది విశ్రాంతి. అలసిన మనిషి నవ్వుతూ వడ్డించలేడు. 2006లో చేసిన సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. అయినా ఆ పని తేలిక కాదు. చాలామంది ఆరు నుండి తొమ్మిది నెలలు ఇంటి మొహం చూడరు.

డబ్బు ఎవరు కట్టాలి?

అదే ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, ఓడ పనివాళ్ల పుస్తకం, డాక్టరు సర్టిఫికేట్ ఖర్చులు మాత్రం మనం పెట్టుకోవచ్చు. మన దేశం ఈ ఒప్పందాన్ని 2015లో ఒప్పుకుంది. మన దేశంలో ఓడలకి మనుషులని పంపే ఏజెంటుకి ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. ఆ నంబరు అడిగి, నిజమో కాదో చూసుకోవాలి. ఓడ ఎక్కేముందు ప్రాణరక్షణ, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ఓడలో మెలిగే పద్ధతులు నేర్పే కోర్సు కూడా పాసవ్వాలి. అందులో లైఫ్ జాకెట్ కట్టుకుని నీళ్లలోకి దూకాలి. గెడ్డలో ఈత కొట్టిన మనకి అది భయం కాదు!

ఇవన్నీ కాగితం మీద రాసుకుని అన్నయ్యకి ఫోనులో చదివి వినిపించాను. ఏజెంటుని నంబరు అడిగితే "రేపు రా" అన్నాడంట. రేపు వెళ్తే గదికి తాళం ఉంది. పదిహేను వేలు పోయాయి. కాని మిగతా ఎనభై అయిదు వేలు పోలేదు, పెద్దమ్మ అప్పు చేయలేదు. ఇప్పుడు అన్నయ్య విశాఖలోనే ఒక హోటల్ వంటగదిలో పని చేస్తున్నాడు. "ముందు పాతవాడిని అవుతాను, తర్వాత ఓడ ఎక్కుతాను" అంటున్నాడు.

చివరగా ఒక మనవి. ప్రతి జూన్‌లో కొండల మీద నుండి చిన్న పిల్లలు కొత్తగా వస్తారు. వాళ్లందరినీ ఒకే గదిలో పెడితే రాత్రంతా హైవే మీద లారీల చప్పుడుకి భయపడి ఏడుస్తారు. నేనూ అలాగే ఏడ్చాను. ఈసారి ప్రతి కొత్త పిల్లల గదిలో ఇద్దరేసి పెద్ద అక్కలని ఉంచమని వార్డెన్ మేడమ్ గారిని కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని