గల్ఫ్ ప్రయాణానికి ముందు ఇంట్లో వేయవలసిన లెక్క

పత్తి, మిరప చేతికి రాని ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పాస్‌పోర్టు మాట మొదలవుతుంది. అప్పు తీరేదాకా, రెండేళ్ళే అని గల్ఫ్‌కు వెళ్ళినవారు పదేళ్ళయినా అక్కడే ఉండిపోవడం మేము చూస్తున్నాము. మా మదర్సాలో చదివే ఒక పిల్లవాడు, పండుగకు ఇంటికొచ్చిన తండ్రిని చూసి తల్లి వెనుక దాక్కున్నాడట.

హలాల్ సంపాదన కోసం ప్రయాణించడం పుణ్యకార్యమే. అయితే భార్యాబిడ్డల హక్కులు పంపే డబ్బుతోనే తీరిపోవు. భర్తలు యుద్ధరంగంలో ఉన్న స్త్రీల వేదన తెలిసి హజ్రత్ ఉమర్ (రజి.) తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి.)ను సంప్రదించారు. సైనికులను ఇళ్ళకు దూరంగా ఉంచడానికి కొన్ని నెలల గడువు విధించారు.

కుటుంబాన్ని వెంట తీసుకువెళ్ళాలంటే చిన్న జీతం చాలదు. యు.ఎ.ఇ.లో అందుకు నెలకు 4,000 దిర్హములు, లేదా వసతితోపాటు 3,000 దిర్హముల జీతం ఉండాలి. కనుక బయలుదేరే ముందే భార్యతో కూర్చుని చూసుకోండి: అప్పు ఎంత? నెలకు మిగిలేది ఎంత? తిరిగి వచ్చేది ఎప్పుడు? ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా? అతని రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించరాదు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై వెళ్ళేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది.

తిరిగి వచ్చే తేదీని ఇద్దరూ కాగితంపై రాసుకోండి. అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన కుటుంబాలలో కలయికను ప్రసాదించుగాక! ఆమీన్.