గోధ: విలుకాని ముంజేతి కవచాన్ని తిరిగి తయారుచేయడం

1. పరిచయం

అజ్ఞాతవాసానికి సిద్ధమైన అర్జునుడికి విరాటపర్వంలో ఒక చిక్కు ఎదురవుతుంది. వింటినారి తగిలి తగిలి అతని రెండు చేతుల మీదా మచ్చలు పడ్డాయి. వాటిని గాజులతో కప్పుకుంటానంటాడు. బాణం వదలగానే నారి వేగంగా ముందుకు వచ్చి, విల్లు పట్టిన చేతి ముంజేతికి లోపలివైపు తగులుతుంది. అర్జునుడు సవ్యసాచి కనుక మచ్చలు రెండు చేతులకూ ఉన్నాయి. ఈ దెబ్బను కాచేదే ముంజేతి కవచం. దీన్ని సహజ పదార్థాలతో ఎలా తయారుచేయవచ్చో, ఆ పని వల్ల గతం గురించి ఎంతవరకు చెప్పగలమో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. మనకున్న ఆధారాలు

ఋగ్వేదం 6వ మండలం 75వ సూక్తం ఈ కవచాన్ని 'హస్తఘ్నం' అంటుంది. అది పాములా చేతిని చుట్టుకుని నారి దెబ్బనుంచి కాపాడుతుందని వర్ణిస్తుంది. అమరకోశం దీనికి 'గోధ' అనే పేరు చెబుతుంది. గోధ అంటే ఉడుము కూడా. అందువల్ల ఇది ఉడుము తోలుతో చేసిందని చాలామంది భావిస్తారు. కానీ చిలకకొయ్యను చిలకతో చేయరు కదా! పేరు ఊహకు దారి చూపుతుంది, రుజువు కాదు.

తోలు సాధారణంగా మట్టిలో చివికిపోతుంది. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో తోలు కవచాలు దొరికాయంటే, సముద్రగర్భపు ఒండ్రు వాటిని కప్పి ఉంచడమే కారణం. అదే దేశంలో స్టోన్‌హెంజ్ సమీపాన ఏమ్స్‌బరీలో 2002లో బయటపడిన, సుమారు క్రీ.పూ. 2300 నాటి సమాధిలో రెండు రాతి పలకలు మిగిలాయి. వాటిని చేతికి కట్టిన బంధాలు మిగల్లేదు.

3. తయారీ విధానం

ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. దాని తోలు జోలికి వెళ్లకండి. తంగేడు చెక్కతో ఊనిన మేక లేదా గేదె తోలు తీసుకోండి. ఆ చెక్కలోని టానిన్లు తోలు కుళ్లకుండా చేస్తాయి.

అ) మణికట్టుకు కాస్త పైనుంచి మోచేతికి కొంచెం కిందివరకు కొలవండి. ముంజేతి లోపలివైపును కప్పేంత వెడల్పు చాలు.
ఆ) తోలును నీటిలో నానబెట్టి, గుడ్డ చుట్టిన ముంజేతికి అదిమి ఆకారం తెప్పించండి. తరువాత నీడలో ఆరబెట్టండి.
ఇ) అంచుల్లో ఆరెతో రంధ్రాలు చేసి, సన్నని తోలుతాడు ఎక్కించండి. ముడులు చేతి వెలుపలివైపే ఉండాలి. లోపలివైపు ఉంటే నారి తట్టుకుంటుంది.

4. పరీక్ష

అనుభవజ్ఞుని పర్యవేక్షణలో, తేలికైన వెదురు విల్లుతో మాత్రమే పరీక్షించండి. నారికి సుద్దపొడి పూస్తే అది ఎక్కడ తగిలిందో తోలు మీద గుర్తు పడుతుంది. విల్లు బలం, తోలు మందం, ఎన్ని బాణాలు వేశారు, ఏ భాగం అరిగింది అన్నవి రాసి ఉంచుకోండి.

5. ఏది రుజువవుతుంది?

మీ కవచం చక్కగా పనిచేస్తే, 'ఇలా చేసి ఉండవచ్చు' అని మాత్రమే తేలుతుంది. 'ఇలాగే చేశారు' అని తేలదు. తంగేడు చెక్కను ఎంచుకున్నది మనం, ఋగ్వేద కవులు కాదు. ఐరోపాలో కొన్ని సమాధుల్లో రాతి పలకలు ముంజేతి వెలుపలివైపున కనిపించాయి. నారి తగిలేది లోపలివైపు. అందుకే అవి రక్షణకా, అలంకారానికా అన్న చర్చ వచ్చింది. ఆ పలక నకలు నారి దెబ్బను ఆపినంత మాత్రాన ఆ చర్చ ముగియదు. కాబట్టి నివేదికలో ఆధారం చెప్పింది ఒకవైపు, మీరు ఎంచుకున్నది మరొకవైపు రాయండి. ఈ రెండూ కలిసిపోతే మన ఊహే చరిత్రగా చెలామణి అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'గోధ' అనే పేరు ఉడుము తోలు వాడకానికి ఎందుకు రుజువు కాదు?
2. నకలు పనిచేయడం వల్ల ఏది తేలుతుంది? ఏది తేలదు?