ఇంట్లో చెత్తడబ్బా: ఏది కొనాలి, దేంట్లో ఏది వేయాలి?



తడి చెత్త, పొడి చెత్త గురించి మన పిల్లలు చిన్న తరగతుల నుంచే చదువుతున్నారు. పరీక్షలో చక్కగా రాసి మార్కులు కూడా తెచ్చుకుంటున్నారు. అయితే చాలా ఇళ్లలో వంటింటి మూల ఇప్పటికీ ఒకే డబ్బా ఉంటుంది. కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు, పాడైపోయిన బ్యాటరీలు అన్నీ అందులోకే వెళ్తాయి. బడిలో నేర్చుకున్నది అలవాటుగా మారాలంటే ఇంట్లో కూడా అదే పద్ధతి కనిపించాలి. అందుకే ఈ నెల ఇంటి చెత్తడబ్బాల గురించి చెప్పుకుందాం.

మన ఊరికి ఈ విషయం కొత్త కాదు. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల చొరవతో 2014 నవంబరులో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం మొదలైంది. తెల్లవారుజామునే చీపుళ్లు పట్టుకుని రోడ్లు ఊడ్చిన కార్యకర్తలను మీలో చాలామంది చూసే ఉంటారు. వారు రోడ్డు శుభ్రం చేయగలరు, మొక్కలు నాటగలరు. మన వంటింట్లోకి వచ్చి చెత్త వేరు చేయడం మాత్రం వారి చేతుల్లో లేదు. ఆ పని మనదే.

వేరు చేయకపోతే ఏమవుతుంది?

ఇంటింటికీ వచ్చి సేకరించిన తడి చెత్తతో ఎరువు తయారు చేయవచ్చు. పంచాయతీల్లో 'చెత్త నుంచి సంపద' కేంద్రాలు పెట్టింది ఇందుకోసమే. కానీ తడి చెత్తలో ప్లాస్టిక్, గాజు కలిస్తే కార్మికులు దాన్ని చేతులతో ఏరాలి. పగిలిన గ్లాసు ముక్కో, వాడిన ఇంజెక్షన్ సూదో ముందుగా దిగేది వారి చేతిలోనే. వారి కంటపడకుండా తప్పించుకున్న గాజు ముక్క ఎరువుతో కలిసి పొలానికి చేరుతుంది. మన చుట్టూ ఉన్నవి వరి పొలాలు. నాట్లు వేసేవారు దమ్ము చేసిన మడిలోకి చెప్పులు లేకుండా దిగుతారు. మన వంటింట్లో చేసిన అజాగ్రత్త అక్కడ ఒకరి పాదానికి గాయం చేయవచ్చు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ప్రతి ఇల్లూ చెత్తను రకాలుగా వేరు చేసి ఇవ్వాలి. చెత్తను వీధిలో, డ్రైనేజీలో, కాలువలో వేయకూడదు. రోడ్డు మీద తగలబెట్టకూడదు. భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయడం కూడా మానుకోవాలి. ఆ పొగ ముందుగా ఇబ్బంది పెట్టేది ఆయాసం ఉన్న పిల్లలనూ, పెద్దలనూ.

దేంట్లో ఏది?

• తడి చెత్త (ఆకుపచ్చ డబ్బా): కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, గుడ్డు పెంకులు, చేపల పొలుసులు, రొయ్యల పొట్టు, వాడిన పూలు, అరిటాకులు.

• పొడి చెత్త (నీలం డబ్బా): కాగితాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, బిస్కెట్ కవర్లు, రేకు డబ్బాలు, అయిపోయిన పెన్నులు, ప్రాజెక్టు పనిలో మిగిలిన థర్మోకోల్.

• ప్రమాదకరమైన చెత్త (ఎరుపు డబ్బా): బ్యాటరీలు, బల్బులు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, పురుగుమందు సీసాలు, సూదులు.

2021లో 'క్లాప్' కార్యక్రమం కింద మన రాష్ట్రంలోని పట్టణాల్లో ఇళ్లకు ఇచ్చినవి ఈ మూడు రంగుల డబ్బాలే. మీ దగ్గర వేరే రంగులు ఉన్నా ఫర్వాలేదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి అతికిస్తే చాలు.

కొన్నింటి విషయంలో చాలామందికి సందేహం వస్తుంది:

• పాల ప్యాకెట్: కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా వేరు చేయకండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. ప్యాకెట్‌ను కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో వేయండి.

• కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు: ఇవి త్వరగా కుళ్లవు. విడిగా ఒక సంచిలో వేసి ఇవ్వండి.

• డైపర్లు, శానిటరీ ప్యాడ్లు: కాగితంలో గట్టిగా చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, విడిగా ఇవ్వండి. తడి చెత్తలో ఎప్పుడూ వేయకండి.

• ఇన్సులిన్ సూదులు: మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి ఉంచండి. సీసా నిండాక బిగించి ఇవ్వండి.

• పగిలిన గాజు: మందపాటి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ఇచ్చేటప్పుడు 'ఇందులో గాజు ఉంది, జాగ్రత్త' అని నోటితో చెప్పండి.

కొనే ముందు

మూడు కొత్త డబ్బాలు కొనాల్సిన అవసరం లేదు. శ్రద్ధగా చూసి కొనాల్సింది తడి చెత్త డబ్బా ఒక్కటే.

ఎంత పెద్దది? నలుగురున్న ఇంటికి 8 నుంచి 10 లీటర్లది సరిపోతుంది. బండి ఒక రోజు రాకపోయినా ఇబ్బంది ఉండదు. ఇంకా పెద్దది కొంటే నిండేదాకా ఆగుదామనిపిస్తుంది. మన ఎండలకు ఈగ గుడ్డు ఒక్కరోజులోనే పురుగవుతుంది. కాబట్టి సగమే నిండినా ప్రతిరోజూ ఖాళీ చేయాలి.

ఎలాంటిది? మూత బిగుతుగా ఉండాలి. లేకపోతే కుక్కలు, ఎలుకలు వదలవు. గేటు దాకా మోసుకెళ్లేందుకు గట్టి పిడి ఉండాలి. లోపల మూలలు లేకుండా గుండ్రంగా ఉంటే కడగడం తేలిక. కాలితో తొక్కే డబ్బా చూడటానికి బాగుంటుంది కానీ దాని స్ప్రింగు పాడైతే మూత సరిగా పడదు. కొనే ముందు దుకాణంలోనే నాలుగైదుసార్లు తొక్కి చూడండి.

మిగతావి? పొడి చెత్తకు ఖాళీ బియ్యం సంచి చాలు. ప్రమాదకరమైన వాటికి మూత ఉన్న పాత పెయింటు డబ్బా సరిపోతుంది. దాన్ని పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

తడి చెత్త డబ్బాలో ప్లాస్టిక్ కవరు వేయకండి. కవరుతో సహా ఇస్తే వేరు చేసిన శ్రమంతా వృథా. అడుగున పాత వార్తాపత్రిక మడిచి వేస్తే తడి పీల్చుకుంటుంది. పులుసు, సాంబారు నీళ్లు వంపేశాకే మిగిలింది డబ్బాలో వేయండి. చేపలు, రొయ్యలు వండిన రోజు ఆ వ్యర్థాలను కాగితంలో చుట్టి వేస్తే వాసన తగ్గుతుంది.

బండి వచ్చినప్పుడు

పంచాయతీ కార్మికులు వచ్చే వేళకు డబ్బా గేటు లోపల సిద్ధంగా ఉంచండి. ముందు రోజు రాత్రే బయట పెడితే తెల్లారేసరికి చెత్త రోడ్డంతా పరుచుకుంటుంది. మీరు వేరు చేసి ఇచ్చినవి బండిలో కలిపేస్తుంటే కోప్పడకుండా అడగండి. బండిలో అరలు లేకపోవడం కారణమైతే, ఆ సంగతి పంచాయతీ కార్యాలయంలో చెప్పాలి. నాలుగైదు ఇళ్లవారు కలిసి వెళ్లి చెబితే బాగుంటుంది.

పిల్లలకు అప్పగించండి

డబ్బాల మీద పేర్లు రాయడం, బొమ్మలు వేయడం చిన్న తరగతుల పిల్లల పని. పొడి చెత్త సంచి నిండిందో లేదో చూడటం పెద్ద పిల్లల పని. గాజు, సూదులు, మందులు మాత్రం పెద్దవాళ్లే చూసుకోవాలి. చెత్త తీసుకెళ్లేవారిని పిల్లలు అన్నా, అక్కా అని పిలిచి డబ్బా అందించేలా అలవాటు చేయండి. క్యారేజీలో రోజూ ఏ కూర మిగిలి వస్తోందో గమనిస్తే మీకూ ఒక లాభం ఉంది: అది కొంచెం తగ్గించి పెడితే తడి చెత్తా తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ముందు ఒక వారం చేసి చూడండి. తడి చెత్త విడిగా పోతే మిగిలిన సంచి పొడిగా ఉంటుంది, రెండు మూడు రోజులున్నా వాసన రాదు. ఆ తేడా మీ పిల్లలే ముందుగా గుర్తిస్తారు.