పొగ రుచి చూచు నాలుక

రెండేండ్ల క్రిందట మాఘమాసమున ములుగునుండి హనుమకొండకు వచ్చుచుండగా, దారి సగమైనను గడవకమునుపే, మా పాతకారు మీటర్ల పలకపై ఇంజను బొమ్మగల పసుపుదీపము వెలిగెను. బండి ఆగలేదు, మొరాయింపలేదు. కాని లీటరుకు 18 కిలోమీటర్లు నడచునది నాటినుండి 14 దాటలేదు. ఒక దుకాణమున స్కానరు తగిలించి, తెరపై ఆక్సిజన్ సెన్సరు పేరు కనబడగానే మారుమాట లేక క్రొత్తది బిగించి, సొమ్ము పుచ్చుకొని మమ్ము సాగనంపిరి. నాలుగవనాడు దీపము మరల వెలిగెను.

ఆ సెన్సరు చేయు పని తెలిసినగాని దానిపై మోపబడిన నేరము నిజమో కాదో తేలదు. పెట్రోలు నిశ్శేషముగా దహింపవలెనన్నచో దాని తూకమునకు ఇంచుమించు 14.7 రెట్ల తూకముగల గాలి కావలెను. ఈ పాలు తప్పినచో పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరు విషవాయువులను శుద్ధిచేయజాలదు. ఈ పాలును అనుక్షణము సరిచూచుటకై బాష్ సంస్థ రూపొందించిన సెన్సరు 1976లో వోల్వో కార్లలో మొట్టమొదట అమరెను. పులుసు మరుగుచుండగా గరిటెతో అరచేత నాలుగు చుక్కలు వేసికొని ఉప్పు చూచుట మన యింటింటను ఉన్నదే గదా! కారులో వండునది కంప్యూటరు. చవి చూచునది ఈ సెన్సరు.

బొటనవ్రేలంతటి ఆ పరికరములో జిర్కోనియా అను పింగాణి తొడుగును, దాని కిరుప్రక్కల ప్లాటినపు పూతయును ఉండును. లోపలివైపున బయటిగాలి, వెలుపలివైపున ఇంజను పొగ. సుమారు 300 డిగ్రీలకు మించి కాగినపుడు ఆ పింగాణిగుండ ఆక్సిజన్ అయానులు ప్రసరింప, ఇరువైపుల ఆక్సిజనుకు గల తారతమ్యమునుబట్టి స్వల్పవిద్యుత్తు జనించును. నెర్న్‌స్ట్ అను జర్మను రసాయనవేత్త 1889లో చెప్పిన సూత్రమిది. ఆటోనగరు షెడ్లలో ఆయన పేరు వినినవారు అరుదు గాని, ఆ సూత్రముపై ప్రతిదినము కూడు తినువారు పెక్కుమంది. పెట్రోలు హెచ్చినపుడు 0.9 వోల్టులకు చేరువగను, గాలి హెచ్చినపుడు 0.1కి చేరువగను చూపుచు, ఆరోగ్యముగానున్న సెన్సరు నిలకడలేక పైకిని క్రిందికిని ఊగుచుండును. దానికి నిలకడ వచ్చినదన్నచో ప్రాణము పోయినదన్నమాట. (నేటి కొన్ని కార్లలోని వైడ్‌బ్యాండ్ సెన్సర్ల లెక్క వేరు.)

తుదకు వరంగల్లు ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు పోతిమి. ఆయన స్కానరు ముట్టలేదు. తెల్లవారుజామున చల్లని ఇంజనును స్టార్టు చేయించి, చెవియొగ్గి, సెన్సరుకు ముందున్న గొట్టపు అతుకుకడ మసిచారను వ్రేలితో చూపి యిట్లనెను: “గాస్కెట్ పోయింది సార్. పొగ బయటికొస్తున్నది, సందుల గాలి లోపలికి పోతున్నది. గాలెక్కువున్నదని సెన్సర్ ఉన్నదున్నట్టే చెప్తున్నది. అది నమ్మి కంప్యూటర్ పెట్రోల్ కుమ్మరిస్తున్నది. పాతది గూడ మంచిదే ఉండె, పారేసిండ్రా?”

పారవేయలేదు, డిక్కీలో పడియుండెను. గాస్కెట్టు వెల సెన్సరు వెలలో ఎన్నవవంతో చెప్పుకొనుట నాకు సిగ్గు. ప్లగ్గు సరిగా మండకున్నను ఇదే భ్రాంతి కలుగును: దహింపని ఆక్సిజన్ పొగలో మిగిలి, నేరము సెన్సరుపై బడును. ఎలుక కొరికిన తీగ, కాలిన ఫ్యూజు సంగతి చెప్పనే అక్కరలేదు.

అయితే సెన్సరు నిజముగనే చచ్చుటయు కలదు. ఇంజనాయిలు మండుటచేతను, కూలెంటు కారుటచేతను, అతుకులకు పూసిన సిలికాను ఆవిరిచేతను దాని పూత చెడును. మనదేశమున 2000 ఫిబ్రవరివరకు పెట్రోలులో కలిసి వచ్చిన సీసమును దానికి విషమే. ఈ వేసవిలో మా బావమరిది కారుకు అట్టిదే సంభవింపగా, అదే వృద్ధునికడకు తీసికొనిపోతిని. ఆక్సిలరేటరు ఎంత త్రొక్కినను స్కానరు తెరమీది గీత 0.45 వోల్టులకడ చలింపక నిలిచెను. మల్టీమీటరుతో సెన్సరులోని హీటరు తీగను పరీక్షించిన, అది తెగిపోయియుండెను.

ఊడదీయుటయే అసలు పని. ఇంజను కాలునంత వేడిగాక, నులివెచ్చగా నుండవలెను. మొదట తీగల కనెక్టరు విడదీసి, మరచుట్లపై తుప్పు వదల్చు నూనె చల్లి కొంతతడవాగి, తీగ దూరుటకు చీలికగల 22 మిల్లీమీటర్ల సాకెట్టుతో త్రిప్పవలెను. అక్కడ తొందరపడినవాడు గొట్టపు మరలను చెరచి దినమంతయు ఏడ్చును. క్రొత్తదాని మరలకు యాంటీసీజు లేపనము పలుచగా పూయవలెను; మొనకు మాత్రము అది సోకరాదు.

రెండు కార్లును ఒకే మోడలగుట నాకప్పుడే స్ఫురించి, డిక్కీలోని పాత సెన్సరును తెచ్చి యిచ్చితిని. ఆయన దాని మొనను వెలుతురులో త్రిప్పి చూచి, తానే బిగించి, పాత కోడ్లు చెరిపించి, బండిని ఎనుమాముల మార్కెట్టుదాక త్రిప్పి తెచ్చెను. తెరమీద గీత ఎగిరి పడుచుండెను.

“చెప్తిని గద సార్,” అని చేతులు తుడుచుకొనెను.