గోవా పోకర్ ట్రిప్: ఎంట్రీ ఐదు వేలు, ఖర్చు నలభై వేలు

“అమ్మీ, నలుగురం ఫ్రెండ్స్ కలిసి గోవా వెళ్తున్నాం. అక్కడ చిన్న చిన్న పోకర్ టోర్నీలు ఉంటాయట. ఎంట్రీ ఐదు వేలే. పోతే ఐదు వేలు పోతాయి, వస్తే లక్ష వస్తుంది.” ఇంట్లో కొడుకో, తమ్ముడో, అల్లుడో ఇలా అంటే చాలామంది చేసేది రెండే. కొందరు కేకలేసి నోరు మూయిస్తారు. కొందరు “ఐదు వేలే కదా, పోనీలే” అని ఊరుకుంటారు. రెండింటి వల్లా లాభం లేదు. ముందు కాగితం, పెన్ను తీసుకుని పక్కన కూర్చోబెట్టి లెక్క రాయించాలి. ఆ లెక్క ఎలా రాయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను దేశమంతా నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. దానికి ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. పేరున్న పోకర్ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఫోన్‌లో ఆడటం అలవాటైన కుర్రాళ్లకి ఇక కనిపించేది గోవా టేబులే.

టోర్నీ అంటే ఏమిటి?

పోకర్‌లో ఎక్కువగా ఆడేది టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు ఇస్తారు. టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచి ఐదు ముక్కల జోడింపు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. మధ్యలో పందెం పెంచి ఎదుటివాడిని భయపెట్టి ఆట వదిలేసేలా కూడా చేయొచ్చు.

టోర్నీలో అందరూ ఒకే ఎంట్రీ కట్టి ఒకే సంఖ్యలో చిప్స్ తీసుకుంటారు. వాటిని మధ్యలో డబ్బుగా మార్చుకోలేరు. చిప్స్ అయిపోయినవాడు లేచి వెళ్లిపోవాలి. తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం గడియ గడియకీ పెరుగుతుంది కాబట్టి మంచి ముక్కల కోసం ఓపిగ్గా కూర్చున్నా చిప్స్ కరిగిపోతాయి. సాధారణంగా వందమంది ఆడితే పది, పదిహేను మందికే డబ్బు వస్తుంది. మిగతావాళ్లు ఖాళీ చేతులతో బయటికి వస్తారు.

ఇక్కడ “రీ-ఎంట్రీ” అనే మాట ఒకటి ఉంది. చిప్స్ పోయినవాడు మళ్లీ డబ్బు కట్టి కూర్చోవచ్చు. “ఐదు వేలే” అన్న మాట తప్పేది ఇక్కడే. ఇంత దూరం వచ్చి గంటలో బయటపడితే మళ్లీ కట్టకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

ఇప్పుడు లెక్క రాద్దాం

ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. మీ ఇంటి అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

నెల్లిమర్ల నుంచి విజయనగరం వచ్చి, అక్కడ అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మడ్గావ్ చేరడానికి ఒక రోజు దాటుతుంది. ఆ బండి రోజూ ఉండదు. కాబట్టి రానూపోనూ కలిపి ఆరు రోజులు అనుకుందాం.

స్లీపర్ టికెట్లు, రానూపోనూ: 1,500
మూడు రాత్రుల బస, రూము పంచుకుంటే: 3,000
ఆరు రోజుల తిండి: 2,400
అక్కడి బస్సులు, ఆటోలు, బైకు అద్దె: 1,600
పని మానిన ఆరు రోజుల కూలి, రోజుకు 600 చొప్పున: 3,600

మొత్తం 12,100. ఇంకా ఒక్క పేకముక్క కూడా పట్టుకోలేదు. కూలి నష్టాన్ని చాలామంది లెక్కలో రాయరు. జూట్ మిల్లు ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, పని లేని రోజు అంటే ఏమిటో మనకి తెలుసు. అది రాయాల్సిందే.

ఇప్పుడు ఎంట్రీ సంగతి. క్యాసినోలో చిప్స్ కొనడానికి కట్టిన మొత్తం మీద జీఎస్టీ 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం అయింది. ఈ పన్నును పైన వసూలు చేస్తే 5,000 ఎంట్రీ 7,000 అవుతుంది. లోపలే కలిపేస్తే ప్రైజ్ మనీ తగ్గుతుంది. ఎలా చూసినా ఆటగాడి జేబులోదే.

మూడు రాత్రులు మూడు టోర్నీలు, ఒక్కటంటే ఒక్క రీ-ఎంట్రీ. నాలుగు ఏళ్లు ఇరవై ఎనిమిది వేలు. ప్రయాణం కలిపితే 40,100. “ఐదు వేల ఆట” అసలు ఖరీదు ఇది.

మరి వచ్చేది ఎంత?

ఎంట్రీ 5,000లో నిర్వాహకులు తమ ఫీజు కింద 600 తీసుకున్నారనుకుందాం. మిగిలిన 4,400 బహుమతుల్లోకి వెళ్తుంది. వంద ఎంట్రీలకి 4,40,000. అందులో మొదటి బహుమతి 1,10,000, చివరి పదిహేనో స్థానానికి 9,000 ఇచ్చారనుకోండి.

మామూలు ఆటగాడికి ఒక్కో ఎంట్రీలో డబ్బు వచ్చే అవకాశం నూటికి పదిహేను. నాలుగు ఎంట్రీల్లో ఒక్కసారి కూడా రాకుండా పోయే అవకాశం నూటికి యాభై రెండు. అంటే ఇలా వెళ్లినవాళ్లలో సగం మందికి పైగా ఒక్క రూపాయి కూడా లేకుండా తిరిగి రైలు ఎక్కుతారు.

వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. పేకాటలో గెలిచిన డబ్బుకి ఆదాయపు పన్ను 30 శాతం. దాని మీద సెస్ కలిపితే 31.2 శాతం. గెలుపు పదివేలు దాటితే 30 శాతం అక్కడే కోసి మిగతాది చేతిలో పెడతారు. ఏడాది సంపాదన పన్ను పరిధికి రాకపోయినా ఈ డబ్బుకి ఆ మినహాయింపు పరిమితి వర్తించదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: ఈ ఆదాయంలోంచి ఖర్చులు తీసేసి చూపించడానికి చట్టం ఒప్పుకోదు. రైలు టికెట్, రూము, ఓడిపోయిన ఎంట్రీలు, ఏవీ తీయడానికి లేదు. మూడుసార్లు ఓడి ఒకసారి గెలిచినా పన్ను ఆ గెలుపు మొత్తం మీద పడుతుంది.

పదిహేనో స్థానంలో 9,000 వచ్చినవాడి లెక్క చూడండి. పన్ను 2,808 పోతే మిగిలేది 6,192. ఆ ఒక్క ఎంట్రీకి కట్టింది 7,000. వందమందిలో ఎనభై ఐదు మందిని దాటి వచ్చి కూడా 808 రూపాయల నష్టం!

మొదటి బహుమతి కొట్టాడనుకుందాం. 1,10,000లో పన్ను 34,320. చేతికి 75,680. ట్రిప్ ఖర్చు 40,100 తీసేస్తే మిగిలేది 35,580. ఇంటికి ఫోన్ చేసి “లక్షా పదివేలు కొట్టాను” అంటాడు. నిజంగా మిగిలింది అందులో మూడో వంతు. అది కూడా వందలో ఒకడికి.

సగటున చూస్తే నాలుగు ఎంట్రీలకి తిరిగి వచ్చేది 17,600. పన్ను పోతే సుమారు 12,100. అంటే సగటు ఆటగాడికి ఈ ట్రిప్ 28,000 నష్టం. లాభనష్టాలు లేకుండా ఇంటికి రావాలన్నా 58,000 పైన గెలవాలి. సగటు ఆటగాడి కంటే మూడు రెట్లకు పైగా అన్నమాట.

“నాకు ఆట బాగా వచ్చు” అంటే?

పోకర్‌లో నేర్పు ఉంది, అది కాదనక్కర్లేదు. కానీ ఆ నేర్పు ఫలితంలో కనబడాలంటే వందల టోర్నీలు ఆడాలి. మూడు రాత్రుల్లో కనబడేది అదృష్టమే. పైగా ఎదుట కూర్చున్నవాళ్లలో ఇదే పనిగా ఏళ్ల తరబడి ఆడేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో పది ఆటలు గెలిచిన కుర్రాడు వాళ్లకి ఎంట్రీ కట్టే మనిషి మాత్రమే. నిర్వాహకుల ఫీజు, జీఎస్టీ, ఆదాయపు పన్ను ఈ మూడూ నేర్పు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేలా పడతాయి.

చట్టం ఏమంటోంది?

“పేకాట నైపుణ్యం ఆటే అని సుప్రీంకోర్టు చెప్పింది” అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ తీర్పు మన రాష్ట్రం కేసులోదే. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద పెట్టిన కేసులో 1967లో జస్టిస్ ఎం. హిదాయతుల్లా ఆ తీర్పు రాశారు. కానీ ఆయన చెప్పింది రమ్మీ గురించి. మూడు ముక్కల ఆట పూర్తిగా అదృష్టమే అని అదే తీర్పులో ఉంది. క్లబ్బు ఆ ఆట మీద లాభం తీసుకుంటే నేరం అవ్వొచ్చని కూడా ఉంది. పోకర్ విషయంలో కోర్టులు ఒకే మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమే అంది. వేరే హైకోర్టులు నైపుణ్యం వైపు మాట్లాడాయి.

మన దగ్గర 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా కలిపారు. నడిపేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకీ శిక్ష ఉంది. కాబట్టి “గోవా ముందు మన ఊళ్లోనే గెస్ట్‌హౌస్‌లో ప్రాక్టీస్ టోర్నీ” అని ఎవరైనా పిలిస్తే వెళ్లకూడదు.

గోవాలో క్యాసినోలకి లైసెన్స్ ఉంది. పణజీ దగ్గర మాండవి నదిలో పడవల మీద, పెద్ద హోటళ్లలో నడుస్తాయి. 21 ఏళ్లు నిండాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి: 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లు ఆ క్యాసినోల్లో ఆడటానికి వీల్లేదు. బయటి రాష్ట్రాల వాళ్లు మాత్రం రావచ్చు. తన పిల్లలకి వద్దన్న చోటికి మన పిల్లలు రైలెక్కి వెళ్తున్నారన్నమాట.

విదేశాలైతే ఇంకా ప్రమాదం. 2023 మే నెలలో థాయ్‌లాండ్‌లోని పటాయాలో ఒక హోటల్ మీద పోలీసులు దాడి చేసి 90 మందికి పైగా అరెస్టు చేశారు. వాళ్లలో 80 మందికి పైగా భారతీయులు, అందులో తెలుగువాళ్లు చాలామంది. పోకర్ టోర్నీ అని పిలిస్తే వచ్చామని అప్పుడు వినిపించిన మాట. గల్ఫ్ ఉద్యోగం కోసమో, ఉమ్రా కోసమో తీసుకున్న పాస్‌పోర్టుతో ఇలాంటి చోట పట్టుబడితే ఇల్లంతా బాధపడాలి.

దీన్ మాట

సూరా మాయిదా 90వ ఆయత్‌లో మత్తుతో పాటు మైసిర్, అంటే జూదం, నిషేధం. అందరూ డబ్బు వేసి, ఓడినవాళ్లది గెలిచినవాడు తీసుకుపోవడమే దాని మూలం. టోర్నీ అని పేరు పెట్టినా, ఎంట్రీ చిన్నదైనా ఆ మూలం మారదు. అందుకే ఎంట్రీ ఫీజులు పోగుచేసి వాటినే ప్రైజ్ మనీగా ఇచ్చే ఊరి క్రికెట్ టోర్నీల మీద కూడా ఉలమా ఈ ప్రశ్నే వేస్తారు. ఆటతో సంబంధం లేని స్పాన్సర్ ఇచ్చే బహుమతి సంగతి వేరు. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడగండి. ఇక క్యాసినో ఎంట్రీ ప్యాకేజీల్లో మద్యం కూడా కలిపి ఉండటం మామూలే.

అయితే ఒక సలహా. కుర్రాడితో మాట హరామ్ దగ్గర మొదలుపెడితే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, వాడు చెప్పకుండా వెళ్తాడు. ముందు లెక్క చూపించండి. దీన్ మాట అప్పుడు బాగా చెవికెక్కుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

పైన రాసిన పట్టికను వాడి చేతే రాయించండి. రీ-ఎంట్రీ, కూలి నష్టం, పన్ను మూడూ అందులో ఉండాలి. చివర ఒక ప్రశ్న అడగండి: ఈ నలభై వేలు ఎవరివి? సొంతవా, స్నేహితుడి దగ్గర చేబదులా, లోన్ యాప్‌వా, అక్క పెళ్లికి దాచినవా? అప్పు అయితే మాట అక్కడితో ఆపేయండి.

“ఆన్‌లైన్‌లో క్వాలిఫైయర్ ఆడి గెలిస్తే గోవా ఎంట్రీ ఫ్రీ” అని వాట్సాప్, టెలిగ్రామ్‌లో లింకు వస్తే డబ్బు పంపొద్దు. డబ్బుతో ఆన్‌లైన్ ఆట ఇప్పుడు నిషేధం. ఆ డబ్బు పోతే అడగడానికి చోటు కూడా ఉండదు.

గోవా చూడాలన్న కోరికలో తప్పు లేదు. పై పట్టికలో ఆట తీసేస్తే ప్రయాణం, బస, తిండి, తిరుగుడు కలిపి 8,500. సముద్రం, పాత కోటలు ఆ డబ్బులోనే చూసి రావచ్చు.

ఇప్పటికే అలవాటులో పడి, అప్పులు దాస్తూ, రాత్రిళ్లు నిద్రపోని మనిషి ఇంట్లో ఉంటే ఈ లెక్కలు సరిపోవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416 కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పు ఎంతో ముందుగా ఇంట్లో ఒక్కరికైనా పూర్తిగా చెప్పించండి. అది తీర్చడానికి మరో టోర్నీ దారి కాదని వాడికి చెప్పాల్సింది ఆ ఒక్కరే.