వాహన ఇంధనం – పొదుపు మార్గాలు

మధ్యతరగతి కుటుంబాల నెల ఖర్చుల పట్టికలో బియ్యం, పాలు, ఇంటి అద్దె, పిల్లల చదువు అనే పద్దుల సరసన నేడు పెట్రోలు పద్దు కూడ స్థిరంగా చేరింది. కారును అద్దెకు నడిపి జీవించేవారికి ఇది మరింత గడ్డు సమస్య. వారి ఇంట పొయ్యి వెలగడానికి ముందే బండిలో ఇంధనం పడాలి. రోజు సంపాదనలో ఇంధనం ఖర్చు పోగా మిగిలినదే ఆ కుటుంబానికి ఆధారం. మన విద్యార్థులలో అట్టి ఇండ్ల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. కనుక ఇంధనం పొదుపును గూర్చి తెలుసుకొనడం కేవలం కారు యజమానులకే పరిమితమైన విషయం కాదు.

మన దేశం తనకు కావలసిన ముడి చమురులో 80 శాతానికి పైగా విదేశాల నుండి కొంటున్నది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు, పీపా 3 డాలర్లకు దొరికే చమురు 1974 జనవరి నాటికి 12 డాలర్ల సమీపానికి చేరింది. ఆ దెబ్బ రుచి చూచిన తరువాతనే ఇంధన పొదుపు ఒక జాతీయ కర్తవ్యంగా గుర్తింపు పొందింది. ఆ ఉద్యమానికై పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అనే సంస్థ 1978లో ఏర్పడింది.

ధరలో తేడాలు ఎందుకు?

పెట్రోలుకు మనం చెల్లించే మొత్తంలో చమురు ఖరీదు ఒక భాగం మాత్రమే. దానిపై కేంద్ర ప్రభుత్వపు ఎక్సైజు సుంకం, డీలరు కమీషను, రాష్ట్ర ప్రభుత్వపు వ్యాట్ పన్ను చేరుతాయి. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చినా పెట్రోలు, డీజిలు దాని పరిధిలోనికి రాలేదు. అందువలన ధర రాష్ట్రానికొక తీరుగా ఉన్నది. నలువైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్నా, పుదుచ్చేరికి చెందిన యానాంలో పెట్రోలు చవకగా దొరకడానికి కారణం ఈ పన్నుల తేడాయే. 2017 జూన్ 16 నుండి చమురు సంస్థలు ధరను ప్రతిదినం సవరించగల పద్ధతి దేశమంతటా వచ్చింది.

ఈ తేడాలను చూచి, ఎక్కడ చవక అయితే అక్కడికి పరుగెత్తడమే పొదుపు అని చాలామంది భావిస్తారు. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. మన ఊరిలో లీటరు 110 రూపాయలనీ, 12 కిలోమీటర్ల దూరంలోని బంకులో 107 రూపాయలనీ అనుకొందాం. అక్కడ 30 లీటర్లు పోయిస్తే 90 రూపాయలు కలిసివస్తాయి. కాని రాకపోకలకు 24 కిలోమీటర్లు తిరగాలి. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు ఇందుకు 1.6 లీటర్లు, అంటే 171 రూపాయల పెట్రోలు ఖర్చవుతుంది. 90 రూపాయల లాభానికి 171 రూపాయల వ్యయం! పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. ఆ బంకు మన దారిలో ఉన్నప్పుడు అక్కడ పోయించుకొనడం వివేకం. అందుకోసమే పనిగట్టుకొని వెళ్ళడం అవివేకం.

కొలత, నాణ్యత

పవిత్ర ఖురాన్‌లో 83వ అధ్యాయమైన అల్‌ముతఫ్ఫిఫీన్ పేరుకు అర్థమే కొలతలలో మోసగించేవారు అని. తాను తీసుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకిచ్చేటప్పుడు తగ్గించేవారిని అది తీవ్రంగా హెచ్చరిస్తుంది. అమ్మేవాని ధర్మం అది కాగా, కొలతను చూచుకొనడం కొనేవాని బాధ్యత.

పోయడం ప్రారంభించే ముందు మీటరులో సున్న ఉన్నదో లేదో చూడాలి. కొలతపై అనుమానం కలిగితే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపుమని అడగవచ్చు. ప్రతి బంకులోను ఆ పాత్ర ఉండాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకే తేడా అనుమతింపబడుతుంది. నాణ్యతపై సందేహం ఉంటే ఫిల్టరు కాగితం అడగాలి. దానిపై వేసిన పెట్రోలు చుక్క మరక మిగల్చకుండ ఆవిరైపోవాలి; మరక మిగిలితే కల్తీని శంకించవలసి ఉంటుంది. టైర్లకు గాలి ఉచితంగా పట్టవలసిన బాధ్యత కూడ బంకువారిదే. ఇవి మన హక్కులు. అడగడానికి మొగమాటపడనవసరం లేదు.

కొన్ని అపోహలు

తెల్లవారుజామున పెట్రోలు చల్లగా ఉండి చిక్కబడుతుంది కనుక అప్పుడే పోయించాలని కొందరంటారు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పెట్రోలు పరిమాణం సుమారు వెయ్యింట ఒక వంతు పెరిగే మాట నిజమే. కాని బంకులో నిలువ తొట్లు భూగర్భంలో ఉంటాయి. పగటి ఎండ, రాత్రి చలి అక్కడికి అంతగా సోకవు. కాబట్టి ఆ లాభం లెక్కలోనికి రానంత స్వల్పం.

వందకు బదులు నూటపది రూపాయలకు పోయిస్తే మోసం ఉండదన్నది మరొక నమ్మకం. యంత్రం సరిగా ఉంటే ఏ అంకెకైనా సరిగానే కొలుస్తుంది. చెడితే ఏ అంకెకైనా చెడుగానే కొలుస్తుంది.

ఎక్కువ ధరగల ప్రత్యేక పెట్రోలు ఎక్కువ శక్తినిస్తుందనే భావన కూడ సరికాదు. ఆక్టేన్ సంఖ్య ఇంధనపు బలానికి కొలమానం కాదు. ఇంజనులో అకాలంగా మండకుండ నిలువగల గుణానికి కొలమానం. కారు తయారీదారు పుస్తకంలో కోరనప్పుడు ఆ అదనపు ఖర్చు సాధారణంగా వ్యర్థమే.

ఇక ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ. మైలేజీ కొంత తగ్గినంత మాత్రాన బంకువానిని నిందించే ముందు ఈ సంగతి కూడ గుర్తుంచుకోవాలి.

అసలు పొదుపు ఎక్కడ?

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు ఒకటి లీటరుకు 14 కిలోమీటర్లు నడుస్తున్నదనుకొందాం. దానికి నెలకు 71 లీటర్లకు పైగా కావాలి. రూపాయి తక్కువ బంకు దొరికితే మిగిలేది 71 రూపాయలు. అదే కారు జాగ్రత్తగా నడపడం వలన 16 కిలోమీటర్లు ఇస్తే 62.5 లీటర్లు చాలు. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు దాదాపు 980, సంవత్సరానికి 11,700 రూపాయలకు పైగా మిగులుతుంది. అంటే చూడవలసినది లీటరు ధర మాత్రమే కాదు, కిలోమీటరు ఖర్చు.

ఇందుకు మార్గాలు కఠినమైనవి కావు. గాలి ఎదురొత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. వేగం 60 నుండి 90కి పెరిగితే ఆ ఒత్తిడి రెండింతలకు మించుతుంది. గంటకు 45–55 కిలోమీటర్ల నిలకడైన వేగం లాభకరమని పైన పేర్కొన్న పొదుపు సంస్థ బోధిస్తున్నది. ఊరక వేగం పెంచి, వెంటనే బ్రేకు తొక్కడం కొన్న పెట్రోలును వేడిగా మార్చి గాలిలో కలపడమే. టైర్లలో తగినంత గాలి, శుభ్రమైన గాలి ఫిల్టరు, అనవసరపు బరువు లేని డిక్కీ, ఎర్రదీపం వద్ద ఎక్కువసేపు ఆగవలసివస్తే ఇంజను ఆపడం – ఇవన్నీ పైసా పెట్టుబడి అంతగా లేని పొదుపులు.

ఫలితం కనుగొనడానికి ఒక సులభమైన పద్ధతి ఉన్నది. ట్యాంకు నింపి, పంపు తనంతట తాను ఆగినచోట ఆపి, కిలోమీటర్ల అంకె వ్రాసుకోవాలి. మరల నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టినదో చూచి, తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించాలి. ఇట్లా నాలుగైదు పర్యాయాలు వ్రాస్తే బండి ఆరోగ్యం, నడిపేవాని అలవాటు, బంకు నమ్మకం మూడూ బయటపడతాయి. విద్యార్థులు తమ ఇంటి వాహనానికి ఇట్టి లెక్క పుస్తకం ఒకటి ఏర్పాటు చేసి, తండ్రికో అన్నకో చూపవచ్చు. సంస్థల వాహనాలకు ఇట్టి పుస్తకం ఉంటే నిర్వాహకులకు కూడ ఖర్చు స్పష్టంగా తెలుస్తుంది.

బూంద్ బూంద్ సే దరియా బన్‌తా హై అని ఉర్దూ సామెత. చినుకు చినుకు కలిసి వరద అవుతుందని తెలుగువారూ అంటారు. దుబారాను ఇస్లాం ఇస్రాఫ్ అని నిరసించింది. ఏ మతమూ దానిని మెచ్చుకొనలేదు. ఇంట ఆదా అయిన ప్రతి లీటరు ఒక విద్యార్థి పుస్తకానికో, పరీక్ష ఫీజుకో ఉపకరించగలదు. దేశం విదేశాలకు చెల్లించే ధనంలోను ఆ మేరకు తగ్గుతుంది. ఈ చిన్న లెక్కను నేటి నుండే ప్రతి ఇంటా ప్రారంభించడం మన కర్తవ్యం.