కాలికి తోడు గాలి

బానెట్ ఎత్తితే డ్రైవర్ కూర్చునే వైపు, ఇంజన్ వెనక గోడకి ఆనుకుని ఓ నల్లటి గుండ్రటి డబ్బా కనిపిస్తుంది. రెండు మూకుళ్లు మూతికి మూతి కలిపి బిగించినట్టుంటుంది. దాని ముందు మాస్టర్ సిలిండరు, పైన బ్రేక్ ఆయిల్ డబ్బా. ఇందులో గిర్రున తిరిగేది లేదు, వెలిగేది లేదు. అందుకే కాబోలు, అది పాడయ్యేదాకా బ్రేక్ బూస్టర్‌ని ఎవరూ పట్టించుకోరు.

క్లాసులో ఓ కుర్రాడు అడిగాడు: "సార్, ఇంజన్ ఆపేస్తే బ్రేకు ఎందుకు బిగుసుకుపోతుంది? బ్రేకుకీ ఇంజన్‌కీ ఏం సంబంధం?"

సంబంధం ఓ రబ్బరు గొట్టం. పెట్రోలు ఇంజన్ గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే థ్రాటిల్ ఆ దారి దాదాపు మూసేస్తుంది. పీల్చడం ఆగదు, గాలి రాదు. దాంతో ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో, అంటే మానిఫోల్డ్‌లో, పీడనం పడిపోతుంది. బూస్టర్‌లోని గాలిని ఆ గొట్టం గుండా ఇంజన్ లాగేసుకుంటుంది. డబ్బా మధ్యలో ఓ పెద్ద రబ్బరు డయాఫ్రం, దానికి రెండు వైపులా రెండు గదులు. పెడల్ తొక్కనప్పుడు రెండు గదుల్లోనూ ఒకే శూన్యం కాబట్టి డయాఫ్రం ఎటూ కదలదు. తొక్కగానే ముందు రెండు గదుల మధ్య దారి మూసుకుంటుంది, ఆ వెంటనే వెనక గదికి ఓ చిన్న తలుపు తెరుచుకుంటుంది. పెడల్ దగ్గరి గాలి అందులోంచి లోపలికి వస్తుంది. ముందు శూన్యం, వెనక గాలి. ఇక నెట్టేది వాతావరణమే, ఇంజన్ కాదు.

లెక్క వేద్దాం. 9 అంగుళాల డయాఫ్రం వైశాల్యం 410 చదరపు సెంటీమీటర్లు. గేజిలో శూన్యం 500 మిల్లీమీటర్లుంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 0.68 కిలో. మొత్తం 280 కిలోల తోపు! అయితే ఈ గాలి బరువు ఊరినిబట్టి మారుతుంది. సముద్రమట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టే గాలి, 540 మీటర్ల ఎత్తునున్న మన సికింద్రాబాద్‌లో 713 దగ్గరే ఆగుతుంది. విశాఖలో 500 చూపే ఆరోగ్యమైన ఇంజన్ ఇక్కడ 455 చూపితే కంగారుపడి బూస్టర్ మార్పించేయనక్కర్లేదు. మాన్యువల్‌లో అంకెలు రాసినవాళ్లు సాధారణంగా సముద్రం ఒడ్డు గాలినే లెక్కలోకి తీసుకుంటారు.

ఇంతకీ నాకు ముచ్చటైన భాగం ఇది కాదు. 280 కిలోలూ ఒక్కసారే మీద పడితే పెడల్ తాకిన ప్రతిసారీ చక్రాలు బిగుసుకుపోవాలి. మరి కాలు ఎంత కోరితే అంతే ఎలా వస్తోంది? అక్కడ కంప్యూటర్ లేదు, కొలిచే యంత్రం లేదు. ఉన్నదల్లా రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న ఓ రబ్బరు బిళ్ల. పేరు రియాక్షన్ డిస్క్. మాస్టర్ సిలిండర్‌ని నెట్టే కడ్డీ ఈ బిళ్లకి ముందు వైపు ఆనుతుంది. వెనక వైపు నడిమధ్యని కాలి నుంచి వచ్చే ప్లంజర్, చుట్టూ అంచుని డయాఫ్రం నెడతాయి. కదలడానికి చోటు లేని రబ్బరు ద్రవంలాగే ప్రవర్తిస్తుంది, ఒత్తిడిని అన్ని వైపులా సమానంగా పంచుతుంది. అంచు వైశాల్యం మధ్యభాగానికి మూడింతలుంటే కాలు ఒక వంతు మోస్తుంది, గాలి మూడు వంతులు మోస్తుంది. గాలి తన వాటా మించి నెట్టిందా, అంచు నలిగి రబ్బరు మధ్యలో వెనక్కి ఉబ్బుతుంది, ప్లంజర్‌ని వెనక్కి తోస్తుంది. దాంతో గాలి తలుపు మూసుకుంటుంది. కాలు ఎక్కడ ఆగితే గాలీ అక్కడే ఆగుతుంది, రెండు తలుపులూ మూసుకుని. ఇంకాస్త తొక్కితే ఇంకాస్త గాలి. రోడ్డు మీద పెడల్ కింద మనకి తెలిసే ఆ ఎదురు బలం ఈ బిళ్ల చెబుతున్న లెక్కే.

ఇది అర్థమైతే జబ్బు కనిపెట్టడం తేలిక. పెడల్ మెత్తగా కిందకి దిగిపోతోందంటే బూస్టర్‌ని అనుమానించకండి; ఆయిల్ వైపు చూడండి. పెడల్ రాయిలా గట్టిపడితేనే అనుమానం ఇటు రావాలి. బండి చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి పెడల్‌ని గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. దాచుకున్న శూన్యం ఖర్చయిపోతుంది. కాలు అలాగే పెట్టి సెల్ఫ్ కొట్టండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకపోతే బూస్టర్ దగ్గర గొట్టం ఊడదీసి, నడుస్తున్న ఇంజన్ మీద దాని మూతికి వేలు పెట్టి చూడండి. వేలిని గట్టిగా పట్టుకుంటే గొట్టం మంచిదే, తప్పు డబ్బాలో ఉంది. పట్టుకోకపోతే గొట్టమే పగిలిందో, మూసుకుపోయిందో. పాపం బూస్టర్ తప్పేమీ లేదు.

రెండో పరీక్ష: ఇంజన్ నిమిషంపాటు నడిపి ఆపేయండి. ఒక్క క్షణం ఆగి పెడల్ తొక్కితే మొదటిసారి లోతుగా, తర్వాత తర్వాత పైపైనే ఆగాలి. మొదటిసారే గట్టిగా ఉంటే శూన్యం నిలవడం లేదన్నమాట. గొట్టం చివర చెక్ వాల్వ్ ఉంటుంది, గాలిని ఒకవైపే పోనిస్తుంది. చాలాసార్లు దోషం దానిదే, ఖరీదూ చాలా తక్కువ. తొక్కేటప్పుడు క్షణంపాటు ‘స్స్’ మంటే భయం లేదు. తొక్కి పట్టుకున్నంతసేపూ బుసకొడుతూ, ఇంజన్ కూడా తడబడితే మాత్రం డయాఫ్రం చిరిగిందనో, వాల్వ్ మూసుకోవడం లేదనో అర్థం. కారు కింద చుక్క పడకుండానే బ్రేక్ ఆయిల్ తగ్గిపోతుంటే మాస్టర్ సిలిండర్ వెనక సీల్ లోంచి అది బూస్టర్‌లోకే దిగుతూ ఉండవచ్చు. అప్పుడు రెండూ విప్పాలి.

ఫ్లైఓవర్ దిగుతూ పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసే మహానుభావులకి ఒక మాట: డబ్బాలో నిలవున్న శూన్యం రెండు మూడు తొక్కుళ్లకే సరి.

ఈ గాలి కిటుకు సికింద్రాబాద్‌కి రైలెక్కి వచ్చింది. 1874లో వాడీ నుంచి ఇక్కడికి తొలి రైలు నడిచింది. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో న్యూవార్క్ దగ్గర రకరకాల బ్రేకుల్ని ఒకేచోట పరీక్షించారు. వెస్టింగ్‌హౌస్ పక్షానిది బిగించిన గాలి, ఎదుటి పక్షానిది శూన్యం. బ్రిటిష్ కంపెనీలు ఎక్కువగా శూన్యం వైపు మొగ్గాయి, వాళ్ల వెనకే మన రైల్వేలూ. లాలాగూడ వర్క్‌షాపులో తరాలపాటు మరమ్మతు అయినవి ఆ వాక్యూమ్ బ్రేకులే. అయితే రైలులో పని తలకిందులు: శూన్యం ఉన్నంతవరకూ బ్రేకు వదిలి ఉంటుంది, గాలి చొరబడితే పడుతుంది. పాత పెట్టెల్లో అలారం చైను లాగితే పైపులోకి గాలే వదిలేవాళ్లం. కారులో శూన్యం పోతే బ్రేకు పోదు, సాయం పోతుంది. బలమంతా కాలే పెట్టాలి.

శూన్యానికి ఓ హద్దుంది. వాతావరణపు బరువు దాటి ఒక్క వీసమెత్తు కూడా నెట్టలేదు. బిగించిన గాలికి ఆ హద్దు లేదు. రైళ్లు చివరికి ఎయిర్ బ్రేకుకి మారినా, పెద్ద లారీలూ బస్సులూ అదే దారి పట్టినా కారణం ఇదే. కారు తేలిక కాబట్టి శూన్యం చాలింది. బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ తయారుచేసిన సర్వో బ్రేకుని 1927లో బాష్ మార్కెట్లోకి తెచ్చింది. డీజిల్ బండికి థ్రాటిల్ మూసి శూన్యం పుట్టించే అలవాటు లేదు గనుక విడిగా పంపు పెట్టారు. చాలావాటిలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. డీజిల్ బండి పెడల్ గట్టిపడితే ముందు ఆ పంపుని చూడాలి.

కరెంటు కార్లలో పీల్చే ఇంజనే లేదు. కొన్నింటిలో నేరుగా మోటారే కడ్డీని నెడుతుంది. మరికొన్ని పాత డబ్బానే ఉంచుకుని, దానికో చిన్న కరెంటు పంపు తగిలించాయి. వాటి పరీక్ష చెవితోనే. రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే పంపు కొన్ని సెకన్లు గుర్రుమని ఆగాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే గాలి ఎక్కడో చొరబడుతోంది, ముందు గొట్టం కీళ్లు తడిమి చూడండి.